పిన్ను మీద ఎంత? ఇరుసు మీద ఎంత?

మన కళాశాలలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి వచ్చిన విద్యార్థులకు కొదవ లేదు. వారిలో చాలామంది ఇళ్ళలో ట్రాక్టరు ఉంటుంది. లేకపోతే తీసుకోవాలనే మాటైనా నడుస్తూ ఉంటుంది. ఇంజను సంగతి త్వరగానే తేలిపోతుంది. కంపెనీవాళ్ళు రంగురంగుల కరపత్రాలిస్తారు, షోరూములో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, బ్యాంకుకు కూడా వెంట వస్తారు. వెనక తగిలించే ట్రాలీ దగ్గరికి వచ్చేసరికి కరపత్రమూ లేదు, కాఫీ లేదు. ఊరి చివర వెల్డింగు షెడ్డులో నిలబడి బేరమాడుకోవాల్సిందే. అప్పుడు నాన్న హాస్టలుకు ఫోను చేస్తాడు: "ఒరే, చదువుకున్నోడివి గదా, రెండు చక్రాలదా, నాలుగు చక్రాలదా? కమాన్లు వేయించేదా, వద్దా? చెప్పు." జవాబు మన ఫిజిక్సు పుస్తకంలోనే ఉంది. అయితే అది ఈ ప్రశ్నకు జవాబని ఏ పరీక్షలోనూ అడగరు.

షెడ్డులో సాధారణంగా జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

"అన్నా, ఎన్ని టన్నులు మోస్తాది?"

"నువ్వు ఎంతేస్తే అంత మోస్తాది సామీ. పదెయ్యి, ఏం గాదు."

ఆ మాటలో అబద్ధం లేదు. నిలబడిన చోట మోస్తుంది. కదిలినప్పుడు, గుంతలో పడినప్పుడు, మొగిలి ఘాటు లాంటి దిగుడులో బ్రేకు వేసినప్పుడు ఏమవుతుందనేదే అసలు విషయం. అందుకని "ఎన్ని టన్నులు" అనే ప్రశ్నను కాసేపు పక్కనబెట్టి, ఆ బరువు ఎక్కడెక్కడ పడుతుందో చూద్దాం.

ఈ విద్య మన తాతలకు కొత్త కాదు. ఎద్దుల బండికి మూటలు వేసేటప్పుడు ఎవరో ఒకరు నొగల దగ్గర నిలబడి కాడిని చేత్తో ఎత్తి చూసేవారు. ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి మెడతాళ్ళు గొంతుకు బిగుస్తాయి, ఎగుడులో ఎద్దులకు కాలు ఆనదు. ఒక మూట ముందుకు, ఒక మూట వెనక్కు జరిపి, కాడి కొంచెం మాత్రమే బరువుగా ఉండేట్టు సర్దేవారు. బెంగుళూరు ఐ.ఐ.ఎం. తొలి డైరెక్టరు ప్రొఫెసర్ ఎన్.ఎస్. రామస్వామి ఎద్దుల బండిని శాస్త్రీయంగా పరిశీలించినప్పుడు ఎద్దు మెడ మీది బాధనే ముఖ్యమైన సమస్యల్లో ఒకటిగా ఎత్తి చూపారు. ఎద్దుకు నొప్పి తెలుస్తుంది గనుక మనిషి జాగ్రత్తపడ్డాడు. ఇంజనుకు నొప్పి లేదు. కాడి పోయి పిన్ను వచ్చింది, అంతే తేడా. లెక్క మాత్రం మారలేదు.

ఆ లెక్క చూడండి. ఇరుసు ఒకటే ఉన్న రెండు చక్రాల ట్రాలీలో పిన్ను నుంచి ఇరుసు దాకా 10 అడుగులు అనుకుందాం. 3,000 కిలోల సరుకు వేశాం. దాని గరిమనాభి ఇరుసుకు ఒక అడుగు ముందుంటే పిన్ను మీద పడే బరువు 3,000ను 10తో భాగించగా వచ్చే 300 కిలోలు. రెండడుగులు ముందుంటే 600. అదే ఒక అడుగు వెనక ఉంటే? 300 కిలోలు పైకి లేపుతుంది. అంటే ట్రాక్టరు వెనక చక్రాల మీద ఉండాల్సిన బరువును ట్రాలీ ఎత్తి పట్టుకుంటుందన్న మాట. ట్రాక్టరు లాగేది వెనక చక్రాలతో, ఆగేది కూడా వెనక చక్రాలతో. వాటి మీద బరువు తగ్గితే లాగుడూ పోతుంది, బ్రేకూ పోతుంది. తోలేవాడికి ఇది చదును రోడ్డు మీద తెలియదు, దిగుడులోనే తెలుస్తుంది. అలాగని మరీ ముందుకు వేస్తే ట్రాక్టరు మూతి తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. సరుకులో పదో వంతు, కొంచెం అటూ ఇటుగా, పిన్ను మీద ఉండటం మంచిది. షెడ్డులో ట్రాలీ చేయించేటప్పుడు ఇరుసును తొట్టె నట్టనడుమ కాకుండా కొంచెం వెనక్కు పెట్టించమనేది ఇందుకే.

నాలుగు చక్రాల ట్రాలీ కథ వేరు. దాని ముందు ఇరుసు తిరుగుడు పళ్ళెం మీద ఉండి, బరువంతా తానే మోస్తుంది. పిన్ను మీద భారం దాదాపు ఉండదు. ఇంజను ఊడదీసినా తనంతట తాను నిలబడుతుంది, పొడుగు సరుకుకు అనుకూలం. కాని ట్రాక్టరు వెనక చక్రాలకు అదనపు బరువు దొరకదు గనుక తడి నేలలో చక్రం ఊరికే తిరుగుతుంది. వెనక్కు తోలడం మాత్రం, అలవాటు లేనివాడికి, నరకం. ఇరుకు బాటల తోటలున్న పుంగనూరు వైపు రైతుకు నేనైతే రెండు చక్రాలదే చెబుతాను. మార్కెట్టుకు తారురోడ్డు మీద రోజూ తోలేవాడు నాలుగు చక్రాలది చూసుకోవచ్చు.

ఇప్పుడు కమాన్ల సంగతి. కమాన్లు లేని ట్రాలీ చెడ్డదని మొదటే కొట్టి పారేయకండి. ఎరువు, మట్టి, పశువుల మేత పొలానికీ ఇంటికీ మధ్య నెమ్మదిగా తిప్పడానికి ఇరుసును చాసికి నేరుగా బిగించిన ట్రాలీయే మేలు. ఎత్తు తక్కువ, ఊగదు, విరిగేది తక్కువ, ధర కూడా తక్కువ. అక్కడ టైర్లే స్ప్రింగులు. చిక్కు వచ్చేది దాన్నే టమాటా వేసుకుని తారురోడ్డెక్కించినప్పుడు.

మదనపల్లె మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. 2023 జూలైలో అక్కడ కిలో రెండు వందల రూపాయల దాకా పలికింది. అదే పంటను రోడ్డు పక్కన పారబోసిన ఏళ్ళూ మనకు తెలుసు. ధర మన చేతిలో లేదు గాని, తోట నుంచి వేలం దాకా కాయ నలగకుండా చేరడం కొంతవరకు మన చేతిలోనే ఉంది. నలిగిన కాయ రెండో రకంలోకి పోతుంది. ఆ తేడా ట్రాలీ వాయిదాలు కట్టేంత ఉంటుందా ఉండదా అనేది ఆ నాటి ధరను బట్టి.

దీనికొక చిన్న సూత్రం ఉంది. బరువు పడ్డప్పుడు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో కొలవండి. 5ను ఆ అంకె వర్గమూలంతో భాగిస్తే ట్రాలీ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. (బి.ఎస్సీ. మిత్రులు దీన్ని లోలకం సూత్రం నుంచి రెండు నిమిషాల్లో రాబట్టగలరు.) 800 కిలోల ఖాళీ తొట్టెకు స్ప్రింగులు 1 సెంటీమీటరు కుంగుతాయనుకోండి. దాని మీద 2,400 కిలోల టమాటా, అంటే క్రేటుకు 25 కిలోల లెక్కన 96 క్రేట్లు వేస్తే మొత్తం కుంగుడు 4 సెంటీమీటర్లు. ఊగడం సెకనుకు రెండున్నర సార్లు. ఖాళీగా ఉన్నప్పుడు? సెకనుకు అయిదు సార్లు. ఖాళీ ట్రాలీ రోడ్డు మీద గణగణమని ఎగురుతూ పోవడం మనందరం చూసిందే.

ఇక్కడొక విశేషం ఉంది. స్ప్రింగు ఎంత కుంగిందో, తొట్టె అంత మేర పైకీ కిందికీ ఊగితే చాలు, లోపలి సరుకు నేల వదిలి గాల్లోకి లేస్తుంది. నిండు ట్రాలీ అయితే 4 సెంటీమీటర్లు ఊగాలి. మామూలు గుంతకు అంత ఊగదు. ఖాళీ తొట్టెకు 1 సెంటీమీటరు చాలు. మరి తోటలో కోత తక్కువై 20 క్రేట్లే వేశారనుకోండి. కుంగుడు 1.6 సెంటీమీటర్లు, ఊగుడు సెకనుకు నాలుగు సార్లు. ఆ ఇరవై క్రేట్లు నిండు లోడు కంటే ఎక్కువ దెబ్బ తింటాయి! "తక్కువ సరుకే గదా, మెల్లగా పోతాది" అనుకోవడం పొరపాటు. అసలే పై వరస క్రేట్లకు కుదుపు ఎక్కువ. కాబట్టి తక్కువ సరుకు ఉన్న రోజున ఎత్తుగా పేర్చకుండా ఇరుసుకు కొంచెం ముందుగా ఒకే వరసలో పరచి, తాడుతో బిగించి, నెమ్మదిగా తోలుకోవడం మంచిది.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, కమాను కట్ట ఏడాదికోసారి వేసే పది టన్నుల రాయి కోసం కాకుండా వారానికి నాలుగుసార్లు వేసే సరుకు కోసం ఉండాలి. షెడ్డులో మేస్త్రీ "ఇంకో రెండు పట్టీలు వేస్తా, గట్టిగుంటాది" అంటాడు. గట్టిగా ఉంటుంది, నిజమే. పట్టీల సంఖ్యను బట్టి గట్టితనం అంతే నిష్పత్తిలో పెరుగుతుంది; కాని మందాన్ని బట్టి ఘనంగా పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీల బదులు అన్నీ 10 మిల్లీమీటర్లవి వేస్తే కట్ట దాదాపు రెండింతలు బిరుసవుతుంది. కంటికి ఆ రెండు మిల్లీమీటర్లు ఆనవు, టమాటాకు ఆనతాయి. పెద్ద లోడు తప్పదనుకుంటే అసలు కట్ట మెత్తగా ఉంచి, బాగా కుంగినప్పుడు మాత్రమే తగిలే సాయం పట్టీలు వేరుగా పెట్టించుకోవచ్చు. పాత లారీ కమాన్లు చవకగా దొరుకుతాయని తెచ్చి బిగించేవారున్నారు. లారీ బరువుకు చేసినవి ట్రాలీకి బండరాళ్ళతో సమానం.

పట్టీ విరిగితే వెల్డింగు పెట్టకూడదు. అది పదును పెట్టిన ఉక్కు. వెల్డింగు వేడికి పదును పోయి, అతుకు పక్కనే మళ్ళీ విరుగుతుంది. ఇరుసుకూ అంతే. ఇరుసు కొనేటప్పుడు మాత్రం కక్కుర్తి పడవద్దు. 65 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ బదులు 75ది వేస్తే వంగకుండా ఆగే బలం ఒకటిన్నర రెట్లు అవుతుంది. ధరలో తేడా అంత ఉండదు.

ఒక మాట. స్ప్రింగు ట్రాలీ మలుపులో ఒరుగుతుంది. రెండు కట్టల మధ్య దూరం ఎంత ఎక్కువుంటే ఒరుగుడు అంత తక్కువ. అందుకని కట్టలను చక్రాలకు వీలైనంత దగ్గరగా పెట్టించాలి. చాలా షెడ్లలో చాసి కమ్ములు ఎక్కడుంటే అక్కడే తగిలిస్తారు.

రెండిరుసులు దగ్గర దగ్గరగా ఉన్న ట్రైలర్లు కూడా ఇప్పుడు కనిపిస్తున్నాయి. వాటిలో రెండు కమాన్ల మధ్య ఊయల బద్ద లాంటిది ఉందో లేదో చూడండి. ఉంటే ముందు చక్రం స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు బరువును వెనక చక్రానికి పంచుతుంది. లేకపోతే గడ్డ మీద ఒక ఇరుసే మొత్తం మోసి, రెండోది గాల్లో వేలాడుతుంది. విదేశాల్లో ఉక్కు గొట్టంలో రబ్బరు కడ్డీలు బిగించిన ఇరుసులు వాడుతారు. చప్పుడు లేదు, గ్రీజు అక్కరలేదు, చిన్న బరువులకు సుఖంగా ఉంటాయి. అయితే జంటగా వాడితే ఒకదాని బరువు ఇంకోదానికి పంచవు. ఎక్కువ లోడుకు రబ్బరు ఒకసారి చచ్చిందంటే బాగుచేసే వీలు లేదు, ఇరుసు మొత్తం మార్చాల్సిందే. కమాను విరిగితే పలమనేరులోనో వి.కోటలోనో సాయంత్రానికి కొత్త పట్టీ దొరుకుతుంది. మన రోడ్లకు, మన జేబుకు ఇంకా కమానే దిక్కని నా అభిప్రాయం.

కుప్పం చుట్టుపక్కల గ్రానైటు పని ఉంది గనుక "ఎన్ని టన్నులు" అనే ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. 11 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు తొట్టె అంటే 132 ఘనపుటడుగులు, సుమారు మూడు ముప్పావు ఘనపు మీటర్లు. అందులో అంచుకు సమంగా శనక్కట్టె నింపితే ఇంజనుకు తెలియను కూడా తెలియదు. ఇసుక నింపితే ఆరు టన్నులు. అంతే పరిమాణం గ్రానైటు బండ అయితే పది టన్నులు. తొట్టె నిండిందా లేదా అన్నది కొలత కాదు. ట్రాలీ ప్రాణం తీసేది చాలాసార్లు ఈ "నిండా వెయ్" అనే మాటే. రాయి తోలేవాడు తొట్టె అడుగున మూడో వంతు దగ్గర ఒక రంగు గీత గీయించుకుంటే కూలీలతో వాదన తప్పుతుంది.

ఆగడం గురించి ఎవరూ అడగరు. రెండు టన్నుల ట్రాక్టరు వెనక బ్రేకు లేని అయిదారు టన్నుల ట్రాలీ దిగుడులో పోతున్నప్పుడు బ్రేకు తొక్కితే ట్రాక్టరు ఆగాలనుకుంటుంది, ట్రాలీ ఆగదు. వెనక నుంచి తోసి, ఇంజనును పక్కకు తిప్పి, రెండూ తలుపు రెక్కల్లాగా మడతపడతాయి. ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్ళుంటాయి, దుక్కిలో మలుపుకు పనికొచ్చేట్టు. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపి గొళ్ళెం వేయాలి. వేయకపోతే తొందరలో ఒకటే నొక్కుతారు, బండి గిరుక్కున తిరుగుతుంది. దిగుడులో డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవారికి మిగిలే డీజిలు ఎన్ని చెంచాలో లెక్కవేసి చెప్పవచ్చు గాని, వద్దు. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి. ట్రాలీకే బ్రేకులు పెట్టించుకుంటే ఇంకా మంచిది; కొత్తది చేయించేటప్పుడే అడగండి, తర్వాత పెట్టించడం ఖర్చు.

బురదలో ట్రాలీ దిగబడినప్పుడు జరిగే ఘోరం ఇంకొకటి. పిన్నులో తగిలిస్తే లాగడం లేదని గొలుసును ట్రాక్టరు వెనక పైన, టాప్ లింకు బ్రాకెట్టుకు కట్టి లాగుతారు. లాగే తాడు వెనక ఇరుసు కంటే ఎత్తులో ఉంటే ట్రాక్టరు ముందుకు పోవడానికి బదులు ఇరుసు చుట్టూ వెనక్కు తిరుగుతుంది. మూతి లేచిన ఒకటిన్నర సెకనులో వెల్లకిలా పడుతుంది. క్లచ్చు తొక్కే వ్యవధి ఉండదు. తొలినాళ్ళ ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లకు ఈ చెడ్డపేరు ఉండేది. 1926లో పేటెంటు పొందిన హారీ ఫెర్గూసన్ మూడు బిందువుల హిచ్ దున్నే పనిలో ఈ ప్రమాదాన్ని బాగా తగ్గించింది. ఆయన చేసిన మేలును మన గొలుసు చెడగొడుతుంది. ఎప్పుడు లాగినా కింది డ్రాబారు నుంచే లాగాలి.

ఇక ట్రాక్టరే సరుకు అయితే? మామిడి తోటల్లో, మల్బరీ సాళ్ళ మధ్య దున్నడానికి చిన్న ట్రాక్టర్లు వచ్చాక, వాటిని బాడుగకు ఊరూరా తిప్పడం పెరిగింది. 15 - 20 హార్సుపవరుది సుమారు 800 కిలోలుంటుంది. 40 హార్సుపవరుది ఇంచుమించు రెండు టన్నులు. ముప్పై కిలోమీటర్లు తారు మీద సొంత కాళ్ళతో నడిపిస్తే టైరు పళ్ళు అరుగుతాయి గనుక ట్రైలరు మీద వేసుకుని పోతారు. ఇక్కడ పిన్ను లెక్క మరీ ముఖ్యం, ఎందుకంటే ట్రాక్టరు బరువు దాని నడుమ ఉండదు. అయిదింట మూడు వంతులు వెనక చక్రాల మీదే. ముందు వెనక చక్రాల మధ్య ఆరున్నర అడుగులుంటే గరిమనాభి వెనక ఇరుసుకు 2.6 అడుగులు ముందుంటుంది. అది ట్రైలరు ఇరుసుకు అడుగు ముందు పడాలంటే ట్రాక్టరు వెనక చక్రాలు ట్రైలరు ఇరుసుకు అడుగున్నర పైచిలుకు వెనక నిలవాలి. ఖాళీ ట్రైలరు సొంత భారం పక్కనబెడితే, రెండు టన్నులకు 200 కిలోలు పిన్ను మీదికి వస్తాయి.

వెనక రెండు వందల కిలోల గొర్రు తగిలించి ఉంటే? అది వెనక ఇరుసుకు నాలుగడుగులు వెనక వేలాడుతుంది. గరిమనాభి 0.6 అడుగులు వెనక్కు జరుగుతుంది. ట్రాక్టరును పాత చోటే నిలిపితే పిన్ను మీద 200 బదులు 88 కిలోలే మిగులుతాయి, ట్రైలరు తోక ఆడించడం మొదలుపెడుతుంది. ఏడు అంగుళాలు ముందుకు జరిపితే సరిపోతుంది. ఏడంటే ఏడే అంగుళాలు! ట్రైలరు పలక మీద చక్రం నిలవాల్సిన చోట, గొర్రుతో ఒకటి, గొర్రు లేకుండా ఒకటి, రెండు గుర్తులు పెయింటుతో వేసుకోండి.

ఎక్కించేటప్పుడు మూడడుగుల ఎత్తు పలకకు ఆరడుగుల చెక్కలు వేస్తే వాలు 30 డిగ్రీలు. ట్రాక్టరు వెనక్కు లేవడానికి అది చాలు. పదడుగులవి వేస్తే 17 డిగ్రీలు. ఏటవాలు ఎక్కువుంటే వెనకవైపు నుంచి, అంటే బరువైన వైపు పైకి ఉండేట్టు ఎక్కించడం క్షేమం. అప్పుడు ట్రాక్టరు తిరగబడి నిలుస్తుంది గనుక పై లెక్క మారుతుంది: వెనక చక్రాలు ట్రైలరు ఇరుసుకు మూడున్నర అడుగులకు కొంచెం మించి ముందుండాలి. అన్నిటికంటే తేలిక, మనవాళ్ళు ఎప్పటినుంచో చేసేది, రోడ్డు గట్టుకు ట్రైలరును ఆనించి నేరుగా తోలేయడం. తర్వాత గేరులో పెట్టి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, నాలుగు మూలలా గొలుసు బిగించాలి. కొబ్బరి తాడు చాలదు.

మిగతావి చెప్పుకోవాల్సినవే గాని కొత్తవి కావు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను ఉంటుంది. కుప్పం వాళ్ళు సరిహద్దు దాటి కర్ణాటక, తమిళనాడు వైపు నుంచి సెకండ్‌హ్యాండుది తెచ్చుకుంటే అక్కడి రవాణా ఆఫీసు నిరభ్యంతర పత్రం ముందు తీసుకోవాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు లేని ట్రాలీ రాత్రిపూట రోడ్డు పక్కన ఆగి ఉంటే మోటారు సైకిలు మీద వచ్చేవాడికి గోడతో సమానం. టమాటా కోతకు పోయే ఆడకూలీలను ట్రాలీలో ఎక్కించుకోవడం చట్టం ఒప్పదు. బోల్తా పడితే ఇన్సూరెన్సు కంపెనీ కూడా తనకు సంబంధం లేదని కోర్టుకెక్కుతుంది. పైగా నిలబడిన మనుషుల గరిమనాభి క్రేట్ల కంటే ఎత్తు.

కొత్త ట్రాలీ ఇంటికి వచ్చాక ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, మామూలు లోడు వేశాక ఒకసారి, చాసికీ ఇరుసుకూ మధ్య సందును టేపుతో కొలిచి గోడ మీద రాసిపెట్టండి. ఆరు నెలల తర్వాత అదే లోడుకు సందు తగ్గిందంటే కమాన్లు అలసిపోతున్నాయని అర్థం; ఒక పక్కే తగ్గిందంటే ఆ పక్క పట్టీ ఏదో విరిగి ఉంటుంది. మొదటి లోడు దించిన రోజునే యు-బోల్టులు మళ్ళీ బిగించుకోవాలి, ఎందుకంటే కొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకునేసరికి అవి కొంచెం వదులవుతాయి.